పిడి లేని బాడిస

ఆ ఏడు దసరా శనివారం నాడు వచ్చింది. కౌంటీ జూనియర్ హర్లింగ్ ఫైనలు కూడా ఆ శనివారమే పెట్టారు. కమిటీ వాళ్లకు దసరా సంగతి తెలియదు, తెలిసినా తేదీ మార్చేవాళ్లు కాదు. తిప్పలన్నీ గోపాల్‌రావుకే వచ్చిపడ్డాయి.

హర్లింగ్ ఐరిష్ వాళ్ల ఆట. నడుమెత్తు కర్ర, దాని చివర అరచెయ్యంత వెడల్పు. దాన్ని హర్లీ అంటారు. దాంతో తోలుబంతిని నేలమీదా కొడతారు, గాల్లోనూ కొడతారు. రెండు నిలువు కర్రల మధ్య, అడ్డకర్ర పైనుంచి పంపితే ఒక పాయింటు, కింద వలలో వేస్తే మూడు. జూనియర్ అన్నారు కదా అని పిల్లల పోటీ అనుకునేరు. సీనియర్‌లో నిలవలేక, ఇంటర్మీడియట్‌లో నెగ్గలేక వచ్చిపడ్డ క్లబ్బులకు అది అడుగు మెట్టు. సెయింట్ ఫోలన్స్ క్లబ్బు ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ మెట్టు మీదే చతికిలబడి ఉంది. ఫైనలుకు నాలుగుసార్లు వెళ్లింది, నాలుగుసార్లూ ఓడి వచ్చింది. జట్టులో ఇద్దరు ఎలక్ట్రీషియన్లు, ఒక డెంటిస్టు, గోల్‌లో నిలబడే నలభై నాలుగేళ్ల బస్సు డ్రైవరు, ఇంకా అలాంటివాళ్లే ఉన్నారు. వీళ్లంతా విరగ్గొట్టుకున్న కర్రలను పదిహేడేళ్లుగా బాగుచేస్తున్నవాడు గోపాల్‌రావు.

కోరుట్ల దగ్గర పల్లెలో పుట్టినవాడికి ఐరిష్ క్లబ్బులో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. బర్మింగ్‌హామ్ తెలుగువాళ్లు అడిగారు కూడా. క్రికెట్ అయితే అర్థం చేసుకునేవాళ్లు.

గోపాల్‌రావు ఒక ఆస్పత్రిలో ఎక్స్‌రే యంత్రాలు బాగుచేసే ఇంజనీరుగా చేసి, ఆ ఏడు మార్చిలో రిటైరయ్యాడు. అదే ఆస్పత్రిలో పేషెంట్ల మంచాలు తోసే పోర్టరు డెక్లన్, ఐర్లండులోని టిప్పరరీ మనిషి. పదిహేడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం డెక్లన్ చీలిన హర్లీ ఒకటి చంకలో పెట్టుకుని వర్క్‌షాపుకు వచ్చి, గట్టి జిగురేమైనా ఉందా అని అడిగాడు. గోపాల్‌రావు ఆ కర్ర తీసుకుని, కట్టెలోని గీత వెంట బొటనవేలు నడిపాడు. పిడి దగ్గర నిటారుగా మొదలైన గీత కింద వెడల్పు దగ్గర దానంతటదే వంపు తిరిగింది.

"ఇది చెట్టు మొదట్లోంచి, వేరు తిరిగే చోట తీసిన కట్టె. వంచింది కాదు, వంపుతో పుట్టింది," అన్నాడు.

డెక్లన్ అక్కడున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఇంగ్లండులో ఇన్నేళ్లున్నా, ఈ ముక్క తనకు చెప్పినవాడు ఇంకొకడు లేడన్నాడు. మధ్యాహ్నం తోయాల్సిన మంచాలు ఆ రోజు కొంచెం ఆలస్యంగా కదిలాయి.

గోపాల్‌రావుకు ఆ సంగతి పుస్తకాల్లోంచి రాలేదు. తండ్రి వడ్ల భీమయ్య నాగళ్లు, బండి చక్రాలు చేసినవాడు. బడిలో వేసినప్పుడు కొడుకు పేరుకు రావు తగిలించింది పంతులు గారు, ఇంటి దగ్గర మాత్రం ఆ రావును ఎవరూ పట్టించుకోలేదు. భీమయ్య నాగలికి తుమ్మ మొద్దు ఏరడానికి చెలకలన్నీ తిరిగేవాడు. వంపు ఎక్కడుందో చూసి, గీత కూడా దాని వెంటే తిరిగిందో లేదో తడిమి చూసి, అప్పుడు గొడ్డలి వేసేవాడు. నిటారు కట్టెను వంపుగా చెక్కితే మొదటి సాలులోనే పుటుక్కుమంటుందని ఆయన లెక్క. బర్మింగ్‌హామ్‌లో పోర్టరు చంకలోంచి ఆ లెక్క మళ్లీ తన చేతికి వచ్చేసరికి గోపాల్‌రావు జిగురు సంగతే మర్చిపోయాడు.

అప్పట్నుంచి శనివారాలు క్లబ్బుకే. ఇంటి గరాజులో ఉలి, రందా, రంపం, బిగింపు చట్రాలు, తగరపు పట్టీలు చేరాయి. డెక్లన్ విరిగినవి మోసుకొచ్చేవాడు, గోపాల్‌రావు అతికేవాడు. మధ్యలో టీ తాగుతూ ఇద్దరూ టిప్పరరీ సంగతులూ కోరుట్ల సంగతులూ కలగలిపి చెప్పుకునేవాళ్లు. కొన్నాళ్లకు ఎవరి ఊరి కథ ఎవరు చెబుతున్నారో గోపాల్‌రావు భార్య పుష్పలీలకు తెలిసేది కాదు.

ఆ గరాజులో పనిచేయని పనిముట్టు ఒక్కటే ఉంది. అది భీమయ్య కట్టె చెక్కిన బాడిస. తండ్రి పోయినప్పుడు, ఇరవై రెండేళ్ల కిందట, గోపాల్‌రావు ఊరినుంచి తెచ్చుకున్నది అదొక్కటే. అప్పటికే పిడిని, ఊరి మాటలో కామను, చెద తినేసింది. ఇనుప బిళ్ల ఒక్కటే పాత చీరలో చుట్టి సూట్‌కేసులో పెట్టుకుని వచ్చాడు. దానికి పిడి వేయడం అతనికి అరగంట పని. కానీ బాపు చెయ్యి పట్టిన పిడి పోయాక, షాపులో కొన్న కట్టె ఏదో దూర్చడానికి మనసు రాలేదు. అరమీద అలాగే ఉండిపోయింది. ఏడాదికొకసారి దసరాకు కిందికి దిగేది, పసుపూ కుంకుమా పెట్టించుకునేది, మళ్లీ పైకి ఎక్కేది.

దసరా అంటే ఆ ఇంట్లో ముందు పనిముట్ల పండగే. అన్నిటినీ కడిగి, బొట్లు పెట్టి, బంతిపూలు వేసి దండం పెట్టాక, మర్నాడు పొద్దున దాకా ఒక్కదాన్నీ ముట్టకూడదు. "మనకు పండుగున్నట్టు దానికి పండుగుండొద్దార?" అనేవాడు భీమయ్య. తండ్రి దగ్గర నేర్చుకున్నవాటిలో చాలా మర్చిపోయిన గోపాల్‌రావు ఈ ఒక్క నియమం మాత్రం తప్పలేదు.

ఈ పూజలో హర్లీలు చేరడం పుష్పలీల చేసిన పొరపాటు. క్లబ్బులో చేరిన మొదటి ఏడు దసరానాడు, గరాజు గోడకు ఆనించి ఉన్నవన్నీ మొగుడి పనిముట్లే అనుకుని, బాగుచేతకు వచ్చిన పదకొండు హర్లీలకూ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేసింది. మర్నాటి ఆటకు డెక్లన్ వచ్చి, తుడిచే తీరిక లేక అలాగే పట్టుకుపోయాడు. రెండేళ్లుగా ఒక్క ఆటా గెలవని సెయింట్ ఫోలన్స్ ఆ రోజు గెలిచింది. ఇంకేముంది, మరుసటి ఏడు నుంచి అక్టోబరు వస్తే చాలు, ఆరడుగుల మగాళ్లు గేటు దగ్గర కర్రలు పట్టుకుని, మాకూ చుక్కలు పెట్టండి పుష్పా ఆంటీ అని వరస కట్టేవాళ్లు. చేతులు కడుక్కుని రమ్మని ఆమె గదమాయించేది, వాళ్లు కిక్కురుమనకుండా వెళ్లి కడుక్కుని వచ్చేవాళ్లు.

నాలుగేళ్ల కిందట డెక్లన్ పెరట్లోని యాష్ చెట్టుకు తెగులు తగిలింది. హర్లీలకు ఆ కట్టే కావాలి, ఆ తెగులు దేశంలోని యాష్ చెట్లన్నిటినీ తినేస్తోంది. చెట్టు కొట్టించాక మొదటి మొద్దు ఇద్దరూ కలిసి కోశారు. చావు దెబ్బ తగిలిన చెట్టులోంచి మూడంటే మూడు కర్రలకు సరిపడా మంచి కట్టె వచ్చింది. గీసింది డెక్లన్, చెక్కింది గోపాల్‌రావు. మర్నాడు మళ్లీ డెక్లన్ నునుపు చేశాడు. ఆ తర్వాత రెండో చలికాలంలో డెక్లన్ గుండె ఆగి పోయాడు. మూడు కర్రల్లో రెండు ఆటలో విరిగాయి. మిగిలిన ఒక్కటి డెక్లన్ కొడుకు కీరన్ దగ్గర ఉంది. ఇరవై ఆరేళ్ల కీరన్‌దే జట్టులో ఫ్రీలు కొట్టే బాధ్యత. అవతలివాళ్లు తప్పు చేసినప్పుడు బంతిని నిలిపి కొట్టనిస్తారే, ఆ దెబ్బలు. ఇప్పుడు కుర్రాళ్లంతా ఫ్యాక్టరీలో అచ్చుపోసిన వెదురు హర్లీలు కొంటున్నారు. అవి విరగవు, విరిగినా అతకడానికి లేదు. గోపాల్‌రావు గరాజుకు వచ్చే కర్రలు ఏడాదికేడాది తగ్గిపోతున్నాయి.

ఇదీ ఆ శనివారం నాటికి సంగతి.

పొద్దున్నే పూజ చేశారు. బొట్లు పెట్టిన హర్లీలు ఆటగాళ్లవి కాబట్టి కారెక్కాయి, పనిముట్ల పెట్టె దేవుడి ముందు ఆగిపోయింది. పదిహేడేళ్లలో మొదటిసారి గోపాల్‌రావు ఉత్త చేతులతో మైదానం గట్టున నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక కోటు జేబుల్లో పెట్టుకున్నాడు. పుష్పలీల పక్కన మడతకుర్చీలో కూర్చుని, పులిహోర డబ్బాలు ఒళ్లో పెట్టుకుంది. డెక్లన్ ఎప్పుడూ నిలబడే చోటు, మూలజెండా పక్కన, ఖాళీగా ఉంది. ఎవరూ అక్కడ నిలబడలేదు, నిలబడవద్దని ఎవరూ చెప్పలేదు కూడా.

అవతలిది కవెంట్రీ జట్టు. ఆట మొదలైన పావుగంటకు ఇద్దరు ఒకే బంతికి కర్రలు ఊపారు. ఠప్పుమన్న చప్పుడు గట్టుదాకా వినిపించింది. కీరన్ హర్లీ అడుగున వెడల్పు దగ్గర మొదలై పిడి సగం దాకా నిలువునా చీలింది. అతను దాన్ని గట్టు మీదికి విసరలేదు. మెల్లగా తెచ్చి గోపాల్‌రావు కాళ్ల దగ్గర పెట్టి, ఎవరిదో వెదురు కర్ర తీసుకుని పరుగెత్తాడు. దాంతో మూడు ఫ్రీలు కొట్టాడు, మూడూ పక్కకు పోయాయి. సగం ఆట ముగిసేసరికి సెయింట్ ఫోలన్స్ నాలుగు పాయింట్లు వెనక ఉంది.

విరామంలో కీరన్ నేరుగా గోపాల్‌రావు దగ్గరికి వచ్చాడు.

"అంకుల్, ముప్పై నిమిషాలు నిలిస్తే చాలు. ఎలాగైనా కట్టగలరా?"

గోపాల్‌రావు చీలికలో వేలు పెట్టి చూశాడు. పొడిగా, శుభ్రంగా ఉంది. రేపు ఇంట్లో జిగురు నింపి చట్రంలో బిగిస్తే మళ్లీ ఒక్కటవుతుంది. ఇప్పుడు ఆడితే చెమటా మట్టీ లోపలికి పోతాయి, పది దెబ్బల్లో రెండు ముక్కలవుతుంది. డెక్లన్ వేలిముద్రలున్న ఆఖరి కర్ర అది.

"ఇవాళ మా పండగ కీరన్. పనిముట్టు ముట్టకూడదు. పెట్టె కూడా ఇంట్లోనే ఉంది," అన్నాడు.

కీరన్ తల ఊపాడు. "సరే అంకుల్. పండగ కదా," అని నీళ్ల సీసా అందుకుని వెళ్లిపోయాడు. బతిమాలి ఉంటే బాగుండేదనిపించింది గోపాల్‌రావుకు. బతిమాలకుండా వెళ్లిపోయేసరికి ముల్లు గుచ్చుకున్నట్టయింది.

పుష్పలీల డబ్బా మూత పెట్టి మొగుడి వైపు చూసింది.

"గిప్పుడు మామ మాటను ఎందుకు అడ్డం పెట్టుకుంటున్నరు? ఇయ్యబుద్ధి అయితలేదని చెప్పరాదుండ్రి."

"అది డెక్లన్ చేసిన ఆఖరు కట్టె పుష్పా. రేపు జిగురు పెట్టి బిగిస్తే ఎన్నేండ్లయినా ఉంటది. ఇప్పుడు ఆడిండంటే తునకలైతది."

"ఉండి ఏం చేస్తది? గోడకు యాలాడుతది. ఇరవై రెండేండ్ల సంది అర మీద ఒకటి ఉండనే ఉన్నది గద, కామ లేకుంట. దానికి తోడు ఇదొకటా?"

ఆమె గొంతు తగ్గించింది.

"డెక్లన్ ఉంటే ఏం చేస్తుండె? గది చెప్పుండ్రి."

అది చెప్పడానికి ఆలోచించాల్సిన పనిలేదు. డెక్లన్ అయితే పళ్లతోనైనా బిగించి కట్టి, పోరా ఆడు అనేవాడు. నియమం గురించి మాత్రం గోపాల్‌రావుకు ఇంకొక దసరా గుర్తుకొచ్చింది, ఎన్నేళ్లుగానో గుర్తుకు రానిది.

తనకు పన్నెండేళ్లు. పూజ అయిపోయింది, బాపు ముట్లని పిలిచే పనిముట్లన్నీ పూల కింద ఉన్నాయి. నొప్పులు పడుతున్న ఒకావిడను కోరుట్ల ఆస్పత్రికి తీసుకెళ్తున్న బండి సరిగ్గా ఇంటి ముందు ఆగింది. కాడి చీలిపోయింది. బండాయన ఏడుపు ముఖంతో వచ్చి నిలబడ్డాడు. పండగనాడు బాపు పని ముట్టడని ఊరంతటికీ తెలుసు. భీమయ్య ఒకసారి పూల వైపు చూశాడు, ఒకసారి బండి వైపు చూశాడు. "పండుగ ముట్లకు. నా చేతులకేం పండుగ లేదు," అన్నాడు. నూలు తాడు నీళ్లలో నానబెట్టాడు. కాడి మీద కాలు తన్నిపెట్టి, తాడు కొస పళ్లతో పట్టి, చీలిక పొడుగునా చుట్టి బిగించాడు. తడిసిన నూలు ఇంకా బిగుస్తుందని అంటూ చుట్టాడు. బండి వెళ్లిపోయింది. తిరిగివచ్చాక కట్టు విప్పితే కాడి రెండు ముక్కలై రాలింది. దానికి బాపు ఏమీ బాధపడలేదు.

గోపాల్‌రావు పచ్చికలో కూలబడి బూట్ల తాళ్లు విప్పసాగాడు. ఆస్పత్రిలో పనిచేసిన నాటి పాత తోలు బూట్లు, దళసరి నూలు తాళ్లు. ఫ్లాస్కులోని వేడినీళ్లు పుష్పలీల కప్పులో పోసింది. తాళ్లు నానాయి. కర్రను మోకాళ్ల మధ్య బిగించి, కొస పళ్లతో పట్టి, ఒక్కొక్క చుట్టూ ఆనుకునేలా చుట్టాడు. అరవై ఒక్క ఏళ్ల చేతులు ఒక్క చుట్టునూ జారనివ్వలేదు. పైన జట్టు పెట్టెలోని అంటుపట్టీ చుట్టాడు. పుష్పలీల పొద్దున పెట్టిన కుంకుమ బొట్టు చెమటకు చెదిరి, కట్టు కిందికి కొంచెం పోయింది.

"కీరన్," అని పిలిచాడు.

కీరన్ వచ్చి కర్ర చూశాడు, తాళ్లు లేని బూట్లు చూశాడు.

"దీని తర్వాత ఇది ఉండదు. తెలుసుగా?" అన్నాడు గోపాల్‌రావు.

"మీకు ఫరవాలేదా అంకుల్?"

"ఫరవా ఉంది. అయినా ఆడు."

రెండో సగంలో జరిగింది సెయింట్ ఫోలన్స్ వాళ్లు ఇప్పటికీ రకరకాలుగా చెబుతారు, ఒక్కొక్కరు చెప్పినప్పుడల్లా ఒక్కొక్క పాయింటు పెరుగుతుంది. నిజానికి కీరన్ నాలుగు ఫ్రీలు కొట్టాడు, నాలుగూ కర్రల మధ్యనుంచే పోయాయి. దంతాల డాక్టరు ఎవరూ ఊహించనట్టు ఒక పాయింటు తెచ్చాడు. కవెంట్రీ వాళ్లూ ఊరుకోలేదు, వాళ్లూ రెండు కొట్టారు. బంతి తగిలిన ప్రతిసారీ గోపాల్‌రావు చెవులు కర్ర మీదే ఉన్నాయి. ఒక్కొక్క దెబ్బకూ చప్పుడు మారుతోంది, బోలుగా అవుతోంది. అది ఆయనకు మాత్రమే వినిపించింది.

ఆఖరి నిమిషంలో ఒక పాయింటు వెనక ఉండగా ఐదో ఫ్రీ దొరికింది. యాభై గజాల పైనే ఉంది. కీరన్ బంతిని కర్రతో లేపి, ఒంటి బలమంతా పెట్టి కొట్టాడు. ఆ దెబ్బతో కర్ర తాళ్ల కింద ఫెళ్లున విరిగింది, అడుగు ముక్క గిరగిరా తిరుగుతూ ఎగిరిపోయింది. అందరూ బంతిని చూశారు. గోపాల్‌రావు ముక్కను చూశాడు. బంతి నిలువు కర్ర లోపలి అంచును రాసుకుని దాటిందని, గోల్ పక్కనున్న పెద్దమనిషి తెల్లజెండా ఊపాడని పుష్పలీల చెబితేనే ఆయనకు తెలిసింది. విజిల్ మోగింది. సమం. ఆ పోటీ నియమం ప్రకారం వచ్చే శనివారం మళ్లీ ఆడాలి.

ముప్పై ఒక్క ఏళ్లలో సెయింట్ ఫోలన్స్ ఫైనల్లో ఓడకపోవడం అదే మొదటిసారి. గెలిచినంత గోల చేశారు. గోపాల్‌రావు ఆ గోల పక్కనుంచి, బూట్లు ఊడిపోకుండా కాళ్లీడ్చుకుంటూ మైదానంలోకి నడిచి, బురదలో పడ్డ అడుగు ముక్కను తీసుకున్నాడు. కీరన్ పై ముక్కతో ఎదురొచ్చాడు. అతని కళ్లలో నీళ్లున్నాయి.

"సారీ అంకుల్."

"నాకెందుకు సారీ? మీ నాన్నదే కదా కర్ర. ఎలా విరగాలో అలాగే విరిగింది."

అంటూ ఆ పై ముక్క చేతిలోకి తీసుకున్నాడు. చీలిక ఆగినచోటికి పైన మూరెడు కట్టె గట్టిగా, చీలిక లేకుండా ఉంది. పిడికిలి బిగించగానే ఇంకొక సంగతి గుర్తొచ్చి, అక్కడే ఆగిపోయాడు. ఆ కాడి ముక్కలు ఏమయ్యాయో గుర్తొచ్చింది. పండగ మర్నాడు పొద్దున్నే బాపు వాటిలో ఒకదాన్ని చెక్కి బాడిసకు పిడి వేసుకున్నాడు. చెద తినేసింది ఆ పిడినే.

"ఇది నేను ఉంచుకోనా?" అని అడిగాడు.

కీరన్ తల ఊపాడు.

రీప్లే సంగతి దాచడం ఎందుకు, మరుసటి శనివారం సెయింట్ ఫోలన్స్ ఐదు పాయింట్లతో ఓడింది. ఈసారి వర్షాన్ని తిట్టుకున్నారు. కానీ పండగ మర్నాడు, ఆదివారం పొద్దునకు, అదంతా ఇంకా జరగలేదు. రీప్లేకు బాగుచేయాల్సిన కర్రలు ఐదు గరాజు గోడకు ఆని ఉన్నాయి. గోపాల్‌రావు పనిముట్లకు దండం పెట్టి, వాడిపోయిన పూలు తీసేశాడు. ముందు ఆ కర్రలు ముట్టలేదు. డెక్లన్ నునుపు చేసిన కట్టెను ఉలితో కొలత మేరకు తగ్గించి, భీమయ్య ఇనుపబిళ్ల కంతలోకి దించి, సందులో మేకు కొట్టి బిగించాడు. డెక్లన్ వేళ్లు పట్టి నల్లబడ్డ చోటు మాత్రం గీకలేదు.

పుష్పలీల టీ తెచ్చి గుమ్మంలో నిలబడింది.

"పట్టుకోని సూడరాదుండ్రి," అంది.

ఆయన పట్టుకున్నాడు. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. తర్వాత మొదటి హర్లీని దిమ్మె మీద పెట్టి, చీలిన అంచును బాడిసతో ఒక్క వేటు వేశాడు. తెల్లటి పేడు ఒకటి లేచి సిమెంటు నేల మీద పడింది. ఇరవై రెండేళ్లుగా రోజూ దసరా చేసుకున్న బాడిస ఆ పొద్దున పనిలోకి దిగింది.